చలికాలంలో పెరట్లో ఏ కూరలు వేసుకోవాలి?

దసరా వెళ్ళి వానలు తగ్గుముఖం పట్టగానే మన చింతలపూడి ప్రాంతంలో చాలామంది పెరట్లో నాలుగు గింజలు చల్లుకుంటారు. ఇది మంచి అలవాటు. అయితే ఏ గింజలు చల్లాలనేది ఎక్కువమంది సంతలో ప్యాకెట్టు మీది బొమ్మ చూసి నిర్ణయించుకుంటున్నారు. ముందుగా ఆలోచించవలసింది మన ఇంట్లో ఎవరికి ఏమి తక్కువగా ఉందీ అని.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నది. ఆరు నెలలు దాటి ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 63 మందికి ఉన్నది. గర్భిణీ స్త్రీకి హిమోగ్లోబిన్ 11 గ్రాములకన్నా తక్కువ ఉంటే రక్తహీనత అంటాము. 7కన్నా తక్కువైతే అది ప్రమాదస్థితి. అటువంటి తల్లి కాన్పులో మామూలు రక్తస్రావాన్ని కూడా తట్టుకోలేదు. అందుచేత పెరట్లో సెంటు భూమి ఉన్నా, కాలనీ ఇంటి గోడ పక్కన నాలుగడుగులు ఉన్నా, మొదటి చోటు ఆకుకూరలకే ఇవ్వండి.

ఆకుకూరల్లో నేను ముందు చెప్పేది తోటకూర. ఐరన్, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ ఎ మూడూ ఉంటాయి. చల్లిన 25, 30 రోజులకు కోతకు వస్తుంది. మడి మొత్తం ఒకేరోజు చల్లకండి. మూడు చిన్న మళ్ళు చేసి పది రోజులకు ఒకటి చొప్పున చల్లితే కూర తెగకుండా వస్తుంది. ఒకేసారి చల్లినవాళ్ళు వారం రోజులు పక్కింటివాళ్ళకు పంచి, తరువాత నెలంతా కొనుక్కుంటారు. మెంతికూర ఇంకా తొందరగా, మూడు నాలుగు వారాల్లో చేతికి వస్తుంది. దానికి చలి అంటే ఇష్టం. కొత్తిమీరకు గింజలు కొననవసరం లేదు. వంటింటి ధనియాలనే చెప్పుతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి చల్లండి. మొలవడానికి పది పదిహేను రోజులు పడుతుంది, మొలవలేదని మడి తిరగదవ్వకండి.

పాలకూర కూడా ఈ కాలానిదే. ఒకసారి వేస్తే అనేక కోతలు వస్తాయి. అయితే ఇందులో ఆక్సలేట్లు ఎక్కువ. అవి ఐరన్‌ను, కాల్షియంను ఒంటికి పట్టనీయవు. కాబట్టి పాలకూర ఒక్కటే వేసి రక్తం పడుతుందని అనుకోవద్దు. మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చినవారు దీన్ని తగ్గించుకోవాలి.

గోంగూర మనకు ప్రాణం. కాని కార్తీకంలో గోంగూర చల్లితే నిరాశపడతారు. పగటి పొద్దు తగ్గే రోజుల్లో ఆ మొక్క ఆకు వేయకుండానే తొందరగా పూతకు వస్తుంది. దాన్ని ఎండాకాలానికీ వానాకాలానికీ ఉంచుకోండి. పాదు చిక్కుడు దీనికి తిరకాసు. అది చలిలోనే పూస్తుంది కాని, గింజ ఆషాఢ శ్రావణాల్లోనే పెట్టి ఉండాలి. పందిరి లేనివారు ఇప్పుడు పొద చిక్కుడు పెట్టుకోండి. పందిరితో పని లేదు, మాంసం, చేప కొనలేని రోజున కొంత మాంసకృత్తులు ఇస్తుంది.

టమాటా, వంగ నారు ఇప్పుడు నాటితే మంచిది. రాత్రులు చల్లగా ఉన్నప్పుడు టమాటా పూత నిలిచి కాయ కడుతుంది. ఎండల్లో పూత రాలిపోతుంది. ఐదారు మొక్కలు చాలు. టమాటాలోని విటమిన్ సి ఆకుకూరలోని ఐరన్‌ను ఒంటికి పట్టిస్తుంది. అందుకే టమాటా వేసిన తోటకూర పప్పు వట్టి తోటకూర వేపుడుకన్నా మేలు. లేదంటే పొయ్యి మీదినుంచి దించాక నిమ్మకాయ పిండండి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఉంటే మాత్రం ఈ కష్టమంతా సగం వృథా అవుతుంది. కనీసం ఒక గంట ఆగండి.

బీట్‌రూట్ గురించి మమ్మల్ని తరచుగా అడుగుతారు. “సిస్టరు గారూ, ఎర్రగా ఉంటుంది గదండీ, రక్తం పడుతుందా?” అని. ఆ ఎరుపు రంగు వేరు, రక్తంలోని ఎరుపు వేరు. అందులో ఫోలిక్ ఆమ్లం ఉన్నది, మంచి కూరే. ఐరన్ మాత్రం తోటకూరలో ఉన్నంత లేదు. దుంపకన్నా దాని ఆకులోనే పోషకాలు ఎక్కువ, పారవేయకండి. ముల్లంగి ఆకూ అంతే. ముల్లంగి 45 రోజుల్లో వస్తుంది. క్యారెట్‌కు మూడు నెలలు కావాలి. చింతలపూడి, లింగపాలెం వైపు గులకరాళ్ళున్న ఎర్రనేలల్లో దుంప పంగలు చీలి వంకరపోతుంది. లోతుగా తవ్వి రాళ్ళు ఏరి, చివికిన పశువుల ఎరువు కలిపితేనే వేయండి. కంటిచూపుకోసం క్యారెట్ తప్పనిసరి కాదు. ములగాకు, తోటకూర, బొప్పాయిపండు ఆ పని చేస్తాయి, కాస్త నూనెతో వండాలంతే. పెరట్లో ములగచెట్టు ఉండి కాయలు మాత్రమే కోసుకుంటున్నవారు సగం సంపద వదులుకుంటున్నట్టే.

ఇక కాలీఫ్లవర్. రకాన్ని బట్టి దానికి కావలసిన చలి వేరు. ఉత్తరాది చలికి తగిన రకం మన దగ్గర వేస్తే ఆకులు పెరుగుతాయి, పువ్వు సరిగా రాదు. వచ్చినా పురుగు పడుతుంది, పురుగు చూడగానే చేను మందు డబ్బా పెరట్లోకి వస్తుంది. మూడు రోజుల్లో కోసి తినే ఆకుకూర పక్కన ఆ మందు కొట్టడం ప్రమాదం. క్యాబేజీ, కాలీఫ్లవర్ సంక్రాంతికి బజారులో చవకగా దొరుకుతాయి, కొనుక్కోండి. మన జాగా వాటికి వద్దు. రకాల విషయంలో సందేహం ఉంటే తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం, అక్కడి కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి, అడగవచ్చు. రంగు పూసిన విత్తనాలకు మందు పట్టించి ఉంటుంది, పిల్లలకు అందకుండా పెట్టండి.

కైకలూరు, మండవల్లి వైపు కొల్లేటి గ్రామాలవారి కష్టం వేరు. అక్కడ నల్లనేల, నీరు దిగదు. పైగా నవంబరు, డిసెంబరులో తుఫానులు వస్తుంటాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లాల్లో కూడా భారీ వర్షాలు పడ్డాయి. అటువంటి చోట మడి జానెడు ఎత్తు చేసి చుట్టూ కాలువ తీయండి, లేదా పాత సిమెంటు సంచుల్లో, పగిలిన గాబుల్లో అడుగున రంధ్రాలు చేసి పెంచండి. సంచుల్లో మెంతికూర, కొత్తిమీర, తోటకూర చక్కగా వస్తాయి. చేపల, రొయ్యల చెరువులనుంచి వదిలిన నీరు ఆకుకూరలకు పోయకండి.

మడిలో పనిచేసేవారికి ముఖ్యమైన మాట. చెప్పులు లేకుండా దిగకండి. మలంతో కలిసిన తడి మట్టిలో కొంకిపురుగు పిల్లలు ఉంటాయి. అవి పాదం చర్మం గుండా లోపలికి వెళ్ళి, పేగుల్లో చేరి, రోజూ రక్తం తాగుతాయి. ఒకవైపు తోటకూర తింటూ, మరోవైపు పురుగులకు రక్తం ఇస్తే హిమోగ్లోబిన్ ఎలా పెరుగుతుంది? మరుగుదొడ్డి తప్పక వాడండి. పిల్లలకు బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మింగించండి. గర్భిణులు మొదటి మూడు నెలల్లో దీన్ని వాడకూడదు, తరువాత డాక్టరును అడిగి వాడాలి. తోటకు నీళ్ళు నిలవచేసే డ్రమ్ములకు మూత పెట్టండి, డెంగీ దోమ అందులోనే గుడ్లు పెడుతుంది.

ఆకుకూర తింటున్నాం గదా అని మాత్రలు మానవద్దు. గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్రలు నాల్గవ నెలనుండి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి, కాన్పు తరువాత మరో 180 రోజులు. కూర ఆ మాత్రకు తోడు మాత్రమే. గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్ మందు వాడేవారు ఆకుకూర ఒక వారం బాగా తిని ఒక వారం మానెయ్యడం చేయకూడదు, రోజూ ఒకే కొలత తినాలి, లేకపోతే మందు పనిలో తేడా వస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి టమాటా, ఆకుకూరల్లోని పొటాషియం ఎక్కువ కావచ్చు. వారు తమ డాక్టరు చెప్పిన ప్రకారమే తినాలి. షుగరు ఉన్నవారికి ఆకుకూరలకు ఏ అడ్డూ లేదు.

వండేటప్పుడు ముందు కడిగి తరువాత తరగండి. మూత పెట్టి తక్కువ నీటిలో ఉడికించండి, ఆ నీరు పారబోయకండి. ఆరు నెలలు నిండిన బిడ్డకు పప్పులో రెండు రెమ్మల ఆకు మెత్తగా మెదిపి, చుక్క నెయ్యి వేసి తల్లిపాలతో పాటు పెట్టవచ్చు.

సంక్రాంతి తరువాత తోటకూర మడిలో బలమైన మొక్కలు రెండు మూడు కోయకుండా వదిలేస్తే కంకి వేసి ఎండుతాయి. ఆ గింజలు దులిపి, పొడి సీసాలో కాస్త బూడిద కలిపి దాచుకుంటే వచ్చే ఏటికి ప్యాకెట్టు కొనే పని ఉండదు. ఖాళీ అయిన మడిలో ఫిబ్రవరిలో బచ్చలి, దోస, గోంగూర పెట్టుకోవచ్చు.