పొయ్యి మంట.. రాకెట్ మంట.. పాఠం ఒక్కటే!

శక్తి, ఉష్ణం, ఇంధనాలు.. జనరల్ సైన్స్ ఉన్న ప్రతి పోటీ పరీక్షకూ పనికొచ్చే పాఠం. తేలికే కదా అని విలువలు బట్టీ పట్టి వెళ్లినవారు, ప్రశ్న కాస్త తిప్పి అడిగేసరికి తడబడుతున్నారు. ఈ పాఠాన్ని ఒకసారి తడ నుంచి చూద్దాం రండి. శ్రీహరికోట మంట ఒకపక్క, టీ కొట్టు మంట ఇంకోపక్క!

చెన్నై నుంచి హైవే మీద వస్తుంటే రాష్ట్ర సరిహద్దు దాటగానే తగిలే ఊరు తడ. నిన్నమొన్నటి దాకా నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. ప్రయోగం ఉన్న రోజు ఇక్కడ పులికాట్ సరస్సు ఒడ్డున నిలబడి చూడండి. ముందుగా ఆకాశంలో వెలుగు. రాకెట్ పైకి లేచిపోతుంటుంది గానీ చప్పుడుండదు. ప్రయోగ వేదిక ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది మరి! వెలుగు రెప్పపాటులో వచ్చేస్తుంది, శబ్దానికి నిమిషమైనా పడుతుంది. ఆ తర్వాత మొదలవుతుంది మోత. ఇంధనంలోని రసాయన శక్తి ఉష్ణంగా, కాంతిగా, ధ్వనిగా, చలన శక్తిగా మారడం అంటే ఇదే. శక్తి కొత్తగా పుట్టలేదు, రూపం మారిందంతే.

వెనక్కి తిరిగితే రోడ్డు పక్కన టీ కొట్టు. గ్యాస్ పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి. అక్కడా జరుగుతున్నది దహనమే. మరి తేడా ఎక్కడ?

బంధం తెగితే శక్తి వస్తుందా?

ముందు ఒక ప్రశ్న. హైడ్రోజన్ మండినప్పుడు శక్తి ఎందుకు వస్తుంది? ‘అణువుల్లోని బంధాలు తెగుతాయి కాబట్టి’ అని చాలామంది ఠక్కున చెబుతారు. తప్పు! బంధం తెంచాలంటే శక్తి మనం ఇవ్వాలి. కొత్త బంధం ఏర్పడినప్పుడే శక్తి బయటకు వస్తుంది. లెక్క వేసి చూద్దాం.

రెండు మోల్‌ల హైడ్రోజన్, ఒక మోల్ ఆక్సిజన్‌తో కలిసి రెండు మోల్‌ల నీటి ఆవిరి ఇస్తుంది. హైడ్రోజన్ - హైడ్రోజన్ బంధ శక్తి మోల్‌కు 436 కిలోజౌళ్లు. అలాంటివి రెండు, అంటే 872. ఆక్సిజన్‌లోని ద్విబంధానికి 498. బంధాలు తెంచడానికి అయిన ఖర్చు మొత్తం 1,370. ఇప్పుడు రాబడి చూడండి. నీటిలో ఆక్సిజన్ - హైడ్రోజన్ బంధాలు నాలుగు ఏర్పడతాయి. ఒక్కోదానికి 463 చొప్పున 1,852. రాబడిలోంచి ఖర్చు తీసేస్తే మిగిలేది 482 కిలోజౌళ్లు. మనకు ఉష్ణంగా దక్కేది ఈ మిగులే.

రాబడి ఎక్కువైతే ఉష్ణమోచక చర్య. ఖర్చు ఎక్కువైతే ఉష్ణగ్రాహక చర్య. ఎంథాల్పీ మార్పుకు మొదటిదానిలో రుణ గుర్తు, రెండోదానిలో ధన గుర్తు ఎందుకో ఇక బట్టీ పట్టనక్కర్లేదు.

అగ్గిపుల్ల ఎందుకు గీయాలో కూడా ఇక్కడే తెలుస్తుంది. ముందు కొన్ని బంధాలైనా తెగాలి, దానికి పెట్టుబడి కావాలి. ఒక పదార్థం మంట అందుకోవడానికి కావాల్సిన కనీస ఉష్ణోగ్రతే జ్వలన ఉష్ణోగ్రత. అగ్గిపుల్లతో కాగితం అంటుకుంటుంది గానీ, మొద్దు అంటుకోదు. మొద్దు అంతటినీ ఆ ఉష్ణోగ్రతకు తెచ్చే శక్తి అగ్గిపుల్ల దగ్గర లేదు.

ఉష్ణం వేరు.. ఉష్ణోగ్రత వేరు

ఈ రెండూ ఒకటే అనుకోవడం పరీక్షల్లో మార్కులు పోగొట్టే పొరపాటు. ఉష్ణం అంటే వేడి వస్తువు నుంచి చల్లని వస్తువుకు ప్రవహించే శక్తి. ప్రమాణం జౌల్. ఒక కెలోరీ సుమారు 4.18 జౌళ్లు. ఉష్ణోగ్రత అంటే వస్తువు ఎంత వేడిగా ఉందో చెప్పే కొలత. ప్రమాణం కెల్విన్ లేదా డిగ్రీ సెల్సియస్. నిప్పురవ్వ ఉష్ణోగ్రత చాలా ఎక్కువే అయినా, అందులో ఉన్న ఉష్ణం చాలా తక్కువ. బకెట్ వేడినీళ్ల ఉష్ణోగ్రత తక్కువ, ఉష్ణం మాత్రం చాలా ఎక్కువ.

టీ కొట్టు లెక్క చేద్దాం. లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవాలి. నీటి విశిష్టోష్ణం గ్రాముకు, డిగ్రీకి 4.18 జౌళ్లు. 1,000ను 4.18తోనూ 70తోనూ గుణిస్తే సుమారు 293 కిలోజౌళ్లు. 100 డిగ్రీలకు చేరాక మంట ఎంత పెంచినా ఉష్ణోగ్రత పెరగదు. ఇచ్చిన ఉష్ణమంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. అదే గుప్తోష్ణం. కిలో నీటికి ఇది సుమారు 2,260 కిలోజౌళ్లు. మరిగే నీళ్ల కంటే ఆవిరి ఎక్కువగా కాలుస్తుందనడానికి కారణం ఇదే.

పిడక నుంచి హైడ్రోజన్ దాకా

కిలో ఇంధనం పూర్తిగా మండితే వచ్చే ఉష్ణమే కెలోరిఫిక్ విలువ. పాఠ్యపుస్తకాల్లోని విలువలు (కిలోకు కిలోజౌళ్లలో) ఇవీ:

• పిడక: 6,000 - 8,000
• కట్టె: 17,000 - 22,000
• బొగ్గు: 25,000 - 33,000
• బయోగ్యాస్: 35,000 - 40,000
• పెట్రోల్, డీజిల్, కిరోసిన్: 45,000
• మీథేన్, సీఎన్‌జీ: 50,000
• ఎల్‌పీజీ: 55,000
• హైడ్రోజన్: 1,50,000

మన లీటరు నీటికి తిరిగి వద్దాం. వేడి ఏమాత్రం వృథా కాకుంటే పిడకలైతే 37 నుంచి 49 గ్రాములు, ఎల్‌పీజీ అయితే 5 గ్రాముల పైచిలుకు, హైడ్రోజన్ అయితే 2 గ్రాములు చాలు. నిజానికి కొంత వేడి గాలికి, గిన్నెకు పోతుంది కాబట్టి ఖర్చు ఇంతకంటే ఎక్కువే.

ఈ పట్టిక ఒక రకంగా ఈ తీరం కథ కూడా. ఒకప్పుడు శ్రీహరికోట అడవి కట్టెలు బకింగ్‌హాం కాలువలో పడవలెక్కి మద్రాసు పొయ్యిలకు వెళ్లేవి. 1971 అక్టోబరు 9న అదే దీవి నుంచి రోహిణి-125 రాకెట్ లేచింది. ఇప్పుడు అక్కడ మండుతున్నది పట్టికలో చివరనున్న హైడ్రోజన్.

మరి అంతా హైడ్రోజనే ఎందుకు వాడరు?

ఇదే అసలైన ప్రశ్న. పట్టిక బట్టీ పట్టినవారు తడబడేదీ ఇక్కడే. కెలోరిఫిక్ విలువ చెప్పేది కిలో లెక్క. కానీ ట్యాంకు నిండేది లీటర్లలో. ద్రవ హైడ్రోజన్ లీటరు బరువు 71 గ్రాములే. అందులో ఉన్నది దాదాపు 10,650 కిలోజౌళ్లు. లీటరు పెట్రోల్ సుమారు 740 గ్రాములు, దాని శక్తి 33,300 కిలోజౌళ్లు. అంటే కిలోకు చూస్తే హైడ్రోజన్ గొప్ప, లీటరుకు చూస్తే పెట్రోల్ మూడింతలు గొప్ప! పైగా హైడ్రోజన్ ద్రవంగా ఉండాలంటే మైనస్ 253 డిగ్రీల చలి కావాలి. ద్రవ ఆక్సిజన్‌కు మైనస్ 183 డిగ్రీలు. ఏ ఇంధనం మంచిదన్న ప్రశ్నకు జవాబు ‘దేనికి?’ అన్న ఇంకో ప్రశ్నలో ఉంటుంది.

దీనికి మంచి ఉదాహరణ ఎల్‌వీఎం3. 2023 జులై 14న చంద్రయాన్-3ను తీసుకెళ్లింది ఇదే. ఇందులో మూడు రకాల ఇంధనాలున్నాయి.

• నేల మీద నుంచి లేపడానికి రెండు ఘన ఇంధన మోటార్లు. ఒక్కోదానిలో సుమారు 200 టన్నులు. హెచ్‌టీపీబీ అనే రబ్బరు లాంటి పదార్థం, అల్యూమినియం పొడి ఇంధనాలు. అమ్మోనియం పెర్‌క్లోరేట్ ఆక్సీకరణి. తక్కువ చోటులో ఎక్కువ సరుకు, భారీ తోపు. కానీ ఒకసారి అంటుకుంటే ఆపడం కుదరదు.
• మధ్యలో వికాస్ ఇంజిన్లు. హైడ్రజీన్ జాతి ద్రవ ఇంధనం, నైట్రోజన్ టెట్రాక్సైడ్ ఎదురుపడితే చాలు, అగ్గిపుల్ల అక్కర్లేకుండానే మండుతాయి. ఈ రెండూ విషపూరితాలు.
• పైన క్రయోజెనిక్ దశ. ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్. బరువులో ప్రతి కిలో లెక్కకొచ్చే ఎత్తులో హైడ్రోజన్ తేలికదనం వరమవుతుంది. మండాక మిగిలేది నీటి ఆవిరే.

అంతరిక్షంలో గాలి లేదు కదా, మంట ఎలా? రాకెట్ తన ఆక్సిజన్‌ను తనే మోసుకెళ్తుంది. టీ కొట్టు పొయ్యికీ రాకెట్‌కూ అసలు తేడా ఇదే. పొయ్యి గాలి మీద ఆధారపడుతుంది, రాకెట్ ఆధారపడదు.

భద్రత కూడా సిలబస్సే

దహనానికి మూడు కావాలి: ఇంధనం, ఆక్సిజన్, జ్వలన ఉష్ణోగ్రత. ఒకటి తీసేస్తే మంట ఆరుతుంది. నూనె అంటుకుంటే మూత పెట్టమనేది అందుకే. ఘన రాకెట్ ఇంధనంలో ఆక్సీకరణి లోపలే ఉంటుంది కాబట్టి మూత పెట్టి ఆర్పలేం. 2004 ఫిబ్రవరి 23న షార్‌లోని ఘన ఇంధన విభాగంలో జరిగిన ప్రమాదంలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. 2013 ఆగస్టు 19న జీఎస్‌ఎల్‌వీ-డీ5 రెండో దశలో ఇంధనం లీకవుతున్నట్లు తెలియగానే, గంటకు పైగా సమయం ఉండగానే ప్రయోగం ఆపేశారు. అదే రాకెట్ 2014 జనవరి 5న స్వదేశీ క్రయోజెనిక్ ఇంజిన్‌తో విజయం సాధించింది. ఆపడం ఓటమి కాదని చెప్పే పాఠం అది.

మీ గదిలోనూ ఇదే రసాయనశాస్త్రం. 12 గ్రాముల కార్బన్ పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్ అయితే 394 కిలోజౌళ్లు వస్తాయి. గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ అయితే 111 మాత్రమే. నీలం మంట పూర్తి దహనానికి, గిన్నెకు మసి పట్టించే పసుపు మంట అసంపూర్ణ దహనానికి గుర్తు. వేడి తగ్గడం సరే, వాసన లేని విషవాయువు మాటేంటి? హాస్టల్ గదిలో తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకోకూడదనేది అందుకే. ఎల్‌పీజీకీ సొంత వాసన లేదు. లీకేజీ తెలియడానికే ఈథైల్ మెర్‌కాప్టాన్ కలుపుతారు. ఆ వాసన వస్తే స్విచ్ వేయొద్దు, తీయొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరవండి.

ఇలా అడిగితే..?

1. బంధాలు తెగినప్పుడు శక్తి విడుదలవుతుంది. ఒప్పా, తప్పా?
2. రెండు కిలోల ఇంధనం పూర్తిగా మండితే 90,000 కిలోజౌళ్లు వచ్చాయి. కెలోరిఫిక్ విలువ ఎంత?
3. పొడి సున్నంలో నీళ్లు పోస్తే కుతకుతమంటుంది. ఇది ఏ రకం చర్య?
4. కెలోరిఫిక్ విలువ అత్యధికమైనా హైడ్రోజన్‌ను ఇళ్లలో ఎందుకు వాడరు?

జవాబులు: 1. తప్పు. 2. కిలోకు 45,000 కిలోజౌళ్లు. 3. ఉష్ణమోచక చర్య. మంట లేకున్నా ఉష్ణం రావచ్చు. 4. తేలిగ్గా పేలుతుంది, నిల్వ, రవాణా కష్టం.

సరస్సు అవతల కొలువులు

షార్‌లో పనిచేయాలంటే ఐఐటీలోనే చదివి ఉండాలనుకుంటున్నారా? అక్కర్లేదు. టెక్నీషియన్ పోస్టులకు పదో తరగతితోపాటు సంబంధిత ట్రేడులో ఐటీఐ ఉంటే చాలు. టెక్నికల్ అసిస్టెంటుకు ఇంజినీరింగ్ డిప్లొమా, సైంటిఫిక్ అసిస్టెంటుకు సంబంధిత సబ్జెక్టులో బీఎస్సీ. రెండింటికీ ప్రథమ శ్రేణి కావాలి. కెమిస్ట్రీ చదివినవారికి, కెమికల్ డిప్లొమా వారికి చోటున్న కొలువులివి. బీటెక్ వారికి సైంటిస్ట్/ఇంజినీర్ పోస్టుల నియామకాలు ఇస్రో కేంద్రీకృత నియామక మండలి చూస్తుంది. ఖాళీలు, వయసు, ట్రేడుల వివరాలు నోటిఫికేషన్‌ను బట్టి మారతాయి. ఇస్రో, షార్ వెబ్‌సైట్లలోనే చూసుకోండి. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మొద్దు.

ఈ రోజు చేయాల్సిన పని ఒకటుంది. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద హైడ్రోజన్ లెక్కను సొంతంగా వేయండి. 482 వచ్చిందా? అయితే ఈ పాఠంలో ప్రశ్నను ఎటు తిప్పి అడిగినా మీరు తడబడరు.