సైన్యపు మిగులు లారీని పొట్టిచేయునప్పుడు వెనుక కమానుల నమర్చు విధము

సైన్యమున కక్కరలేక వేలమునకు వచ్చిన పెద్ద లారీలను కొని, వాని పొడవు తగ్గించి వాడుకొనుట అమెరికా దేశమున చాల కాలముగా నున్న పద్ధతి. 1950వ దశకము మొదలు ఆ దేశపు సైన్యము వాడిన ఎం-35 అను రెండున్నర టన్నుల లారీ యిందుల కుదాహరణము. దీనికి ముందొక యిరుసును, వెనుక రెండిరుసులును కలవు. పొట్టిచేయువారు వెనుక యిరుసులలో నొకదానిని తీసివేసి, చట్రము తోకను కోయుదురు. కోత సులభమే. కష్టమంతయు కమానులయొద్ద నున్నది. అచ్చట పొరపాటు జరిగినచో బండి నడచుచుండగా ఇరుసు చోటు తప్పి ప్రాణహాని కలుగవచ్చును. కావున రైతులు ఈ క్రింది సంగతులను తెలిసికొనవలెను.

1. మొదటి యమరిక.— వెనుక ప్రక్కకొక కమానుకట్ట మాత్రమే యుండును. దాని నడిమి భాగము చట్రము క్రిందనున్న తిరుగుపీఠముపై బిగింపబడియుండును. రెండు కొనలును రెండిరుసులపై ఆని జారుచుండును. కావడిబద్ద భుజముపై నొక్కచోట నిలిచి రెండు కుండలతో సరితూగునట్లు, ఈ కమానును పీఠముపై నిలిచి రెండిరుసులతో సరితూగును. ఒక చక్రము గట్టునెక్కినప్పుడు రెండవది నేలను విడువదు. కొనలు కట్టబడియుండవు గనుక ఇరుసులు ముందువెనుకలకు జరుగకుండుటకును, మెలితిరుగకుండుటకును ఒక్కొక్క యిరుసునకు మూడేసి చొప్పున ఆరు ఊతకడ్డీలు కలవు.

2. మార్చుటకు కారణము.— కావడికి ఒక కుండ తీసివేసినచో రెండవది నేలకు జారును. అట్లే ఒక యిరుసు పోయినప్పుడు పీఠముపైనున్న కమాను ఒక ప్రక్కకు తిరిగిపోవునే గాని బరువును మోయజాలదు. పీఠమును కదలకుండ బిగించి పని జరుపుకొందమనుటయు తగదు. అప్పుడు సగము కమాను మాత్రమే పనిచేసి, బరువంతయు ఒక్కచోట పడును.

3. క్రొత్త యమరిక.— కమాను నడుమను ఇరుసునకు బిగించి, రెండు కొనలను చట్రమునకు తగిలింపవలెను. ముందుకొన కదలని కొక్కెమునకు మేకుతో పట్టియుండవలెను. బండిని త్రోయు బలమును, బ్రేకు బలమును దీనిపైననే పడును గనుక ఇది మిక్కిలి గట్టిగా నుండవలెను. వెనుకకొన ఊగెడు షాకిలునకు వ్రేలవలెను. బరువు పడినప్పుడు కమాను చదునై పొడవగును. రెండు కొనలను కదలకుండ బిగించినచో పట్టీ విరుగును, లేదా కొక్కెము చీలును. పాత వెనుక కమానులకు చెవులు లేవు. కావున అట్టి మరియొక లారీ ముందు కమానులను తెచ్చి వాడుట కలదు. ఇట్లమర్చిన పిమ్మట పాత ఊతకడ్డీలను ఉంచరాదు. కడ్డీ యొక వంపున, కమాను మరియొక వంపున కదలి, ఒకదానినొకటి బిగబట్టును.

4. పట్టీల సంఖ్య.— పట్టీలు హెచ్చైనచో ఖాళీ బండి ఎగిరి చక్రములు పట్టు తప్పును. తక్కువైనచో బరువున కుంగుటయే గాక, లాగునప్పుడు ఇరుసు మెలిపడును. మోయదలచిన బరువునుబట్టి నిర్ణయింపవలెను.

5. జాగ్రత్తలు.— ఇరుసును బిగించునప్పుడు దాని షాఫ్టు ముఖము గేరుపెట్టె షాఫ్టునకు సమాంతరముగా నుండవలెను. లేనిచో కీళ్లు అదరి చెడును. చట్రపు పై, క్రింది అంచులలో రంధ్రములు వేయక, నిలువు పలకలోనే వేయవలెను. క్రొత్త బోల్టులు వాడి, కొలది మైళ్లు ఖాళీగా నడపి మరల బిగింపవలెను. ఇరుసుతోపాటు దాని బ్రేకులును పోవును గనుక బ్రేకులను మరల సరిచూడవలెను.

6. బరువు.— ఎం-35 లారీకి బాటపై 10,000 పౌండ్లు, బాటలేని నేలపై 5,000 పౌండ్లు నిర్ణయింపబడినవి. ఇరుసు తీసిన బండికి ఈ లెక్కలు చెల్లవు. మిగిలిన యొక్క యిరుసు, చక్రములు ఎంత మోయగలవో అంతకు మించి ధాన్యముగాని ఎరువుగాని ఎత్తరాదు.

మన దేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. కావున ఇట్టి బండిని కొనదలచిన రైతు ముందుగా రవాణా కచ్చేరిలో విచారించి, పిమ్మటనే ధనము చెల్లించుట మేలు.