కార్బన్ వేలం డబ్బు రైతు దాకా వస్తుందా?

పోయిన వారం మా పసుపు చేను దగ్గరికి ఒకాయన వచ్చి "కార్బన్ డబ్బులొస్తాయి, గవర్నమెంటు వేలం వేసిన డబ్బే, సంతకం పెట్టండి" అన్నాడు. నేను పెట్టలేదు. అసలు ఆ వేలం ఏంటో చూద్దామని కాలిఫోర్నియా పద్ధతి చదివాను. పై వీడియోలో చెప్పిందే ఇక్కడ క్లుప్తంగా రాస్తున్నాను.

అమెరికాలోని ఆ రాష్ట్రంలో ఏడాదికి 25,000 టన్నులు, అంతకు మించి కార్బన్ వదిలే ఫ్యాక్టరీలు టన్నుకొక పర్మిట్ చూపించాలి. పొలాలకు ఈ లెక్క లేదు. ప్రభుత్వం కొన్ని పర్మిట్లు ఉచితంగా ఇస్తుంది, మిగతావి 2012 నవంబర్ నుంచి మూడు నెలలకోసారి వేలం వేస్తోంది.

వేలం మన యార్డులో టెండరు వేసినట్టే ఉంటుంది. ఒకరి ధర ఇంకొకరికి తెలియదు. ఎక్కువ ధర నుంచి కిందికి లెక్కపెడుతూ వస్తారు. పర్మిట్లు ఏ ధర దగ్గర అయిపోతే, గెలిచినవాళ్లందరూ అదే ధర కడతారు. ఉదాహరణకు పర్మిట్లు 100 ఉన్నాయనుకోండి. ఒకరు 40 పర్మిట్లకు 30 డాలర్లు, ఇంకొకరు 60కి 28 డాలర్లు రాస్తే ఇద్దరూ కట్టేది 28 డాలర్లే. మన మద్దతు ధరలాగా కనీస ధర కూడా ఉంది. 10 డాలర్లతో మొదలుపెట్టి ఏటా పెంచుతున్నారు.

మరి ఆ డబ్బు ఎటు పోతుంది? కొంత జనం కరెంటు బిల్లుల్లో తగ్గింపుగా వస్తుంది. మిగతాది ప్రత్యేక నిధిలో పడుతుంది. 2014లో అందులో పావు వంతు హైస్పీడ్ రైలుకి రాసేశారు. 2017లో మొదలైన నేల ఆరోగ్య పథకానికి మొదట 75 లక్షల డాలర్లు ఈ నిధి నుంచే ఇచ్చారు. కంపోస్టు వేసినా, పచ్చిరొట్ట పెంచినా, ఆచ్ఛాదన చేసినా రైతుకు సాయం అందింది. కానీ ఏ ఏడు ఎంత ఇవ్వాలో చట్టసభ బడ్జెట్‌లో తేలుస్తుంది. అడిగేవాళ్లు లేకపోతే మన వాటా ఇంకోచోటికి పోతుంది.

మన దేశంలో 2023లో ప్రకటించిన కార్బన్ పథకంలో ఇలాంటి వేలం లేదు. కంపెనీలకు లక్ష్యాలు పెట్టి, అంతకన్నా బాగా తగ్గించినవాళ్లకు సర్టిఫికెట్లు ఇస్తారు. కాబట్టి "వేలం డబ్బు" అన్న మాట నమ్మకండి. ఆయన అడిగింది మన నేలలో చేరిన కార్బన్‌ని అమ్ముకునే హక్కు. ఎన్నేళ్లకు రాసిస్తున్నాం, కొలత ఖర్చు ఎవరిది, మధ్యలో కౌలుదారు మారితే ఏంటి? ఇవన్నీ తెలుగులో రాసిమ్మనండి. ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం.