బుగ్గ మీద తెల్లమచ్చ పురుగుల పనేనా?

వేసవి సెలవుల్లో కాలవ ఈతల నుంచి ఇంటికొచ్చిన పిల్లాడి బుగ్గ మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ కనపడితే చాలు, గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లు చూసీ చూడగానే చెప్పేస్తారు: "కడుపులో పురుగులున్నాయి, మందెయ్యండి." కాదంటే కాల్షియం తక్కువంటారు.

రెండూ కాదు. చర్మవైద్యులు దీన్ని పిటిరియాసిస్ ఆల్బా అంటారు. 3 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో ఎక్కువ. మచ్చ అంచు ఎక్కడ మొదలైందో పట్టుకోలేం. గోటితో గీస్తే తవుడులా సన్నటి పొట్టు లేస్తుంది. మొదట్లో కాస్త ఎర్రగా ఉంటుంది గానీ ఆ దశ ఎవరి కంటా పడదు.

కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. ఎగ్జిమాలోనే ఇదొక తేలికపాటి రూపమని చాలామంది వైద్యుల అభిప్రాయం. ఉబ్బసం, అలర్జీ తుమ్ములు ఉన్న పిల్లల్లో తరచూ కనిపిస్తుంది. పొడిబారిన చర్మం లోలోపల కొద్దిగా వాచి, అక్కడ చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీ మందగిస్తుంది. మరిగే నీళ్లు, ఘాటు సబ్బు, పండగ స్నానాల్లో నలుగుపిండితో గట్టి రుద్దుడు ఆ పొడిని పెంచేవే. ఎండ కాచాక చుట్టూ చర్మం నల్లబడుతుంది, మచ్చ నల్లబడదు. అందుకే వేసవిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మరి పురుగుల మాట ఇన్నేళ్లు ఎలా నిలిచింది? మచ్చ తనంతట తనే పోయే రకం; మందేశాక పోతే పేరు మందుకు దక్కుతుంది. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినాన, ఫిబ్రవరి 10న, బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేయించాల్సిందే. అది రక్తహీనతకు అడ్డుకట్ట, మచ్చకు కాదు.

రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టు మిషన్ కుష్టు ఆసుపత్రి నడిచిన ప్రాంతమిది. తెల్లమచ్చ అంటే పాతతరానికి గుండె జారడం సహజమే. కుష్టు మచ్చలో సాధారణంగా స్పర్శ తగ్గుతుంది, అయితే ముఖం మీద ఆ గుర్తును పూర్తిగా నమ్మలేం. అనుమానముంటే డాక్టరే చూడాలి. బొల్లి పాలలా తెల్లగా, గీత గీసినట్టు అంచుతో ఉంటుంది. శోభి ఫంగస్ వల్ల వస్తుంది, ఎక్కువగా మెడ, వీపు, ఛాతీ మీద.

ఇక పిటిరియాసిస్ ఆల్బాకైతే, స్నానమయ్యాక ఒళ్లు పూర్తిగా ఆరకముందే వ్యాజ్‌లైనో, కొబ్బరినూనో రాయాలి. కోనసీమలో దానికేం కొదవ! ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లల మీద జరిపిన పరీక్షలో మినరల్ ఆయిల్ కంటే వర్జిన్ కొబ్బరినూనె మెరుగ్గా పనిచేసింది. మచ్చ పోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. ఈలోగా తొందరపడి మందుల షాపులో అడిగి తెచ్చే క్రీముల్లో బలమైన స్టెరాయిడ్ ఉంటే పిల్లల లేత చర్మం పల్చబడుతుంది, రంగు ఇంకా తగ్గుతుంది.