బద్ధకం కాదు, రుగ్మత

జేబులో డబ్బుంది, కరెంటు బిల్లు గడువే గుర్తులేదు. బండి తాళం రోజూ మాయం. మొదలెట్టిన ఫైళ్లన్నీ సగంలోనే. రాయ్‌పూర్‌లో ఇలాంటి ఉద్యోగికి ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకటే పేరు: బద్ధకస్తుడు. వైద్యులు పెట్టిన పేరు వేరు. ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత నిలవని రుగ్మత.

ఇది పిల్లలకే వస్తుందన్నది అపోహ. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 ప్రకారం, ఏకాగ్రత లోపానికి చెప్పిన 9 లక్షణాల్లో పిల్లలకు 6 ఉండాలి, 17 ఏళ్లు నిండినవారికి 5 చాలు. అయితే కొన్నయినా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. చిక్కంతా అక్కడే. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో బతుకుతెరువుకు వచ్చిన తెలుగువారి బాల్యానికి సాక్షులు సొంతూళ్లోనే ఉండిపోయారు. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేముందు అమ్మకు ఫోన్ చేయడం, పాత ప్రోగ్రెస్ కార్డు వెతకడం మేలు.

రాయ్‌పూర్ ఎయిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. 2022లో మొదలైన టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే సలహా ఉచితం. మందులు, కౌన్సెలింగ్ రెండూ ఉన్నాయి. మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందును మాత్రం డాక్టరు చీటీ లేకుండా వాడకూడదు.

క్లాసులో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నందుకు నాడు తిన్న దెబ్బలే నేడు డాక్టరుకు ఆధారాలు.