గోడలో పైపు పగిలింది, బీమా కాగితం ఎక్కడుంది?

ఊళ్లో పెద్దకర్మకు వెళ్లి మూడో రోజు తిరిగొచ్చి తలుపు తీస్తే హాలంతా నీళ్లు. బాత్రూం గోడ లోపలి పైపు పగిలింది. పరుపు నీళ్లు పీల్చుకుని బరువెక్కింది. ప్లైవుడ్ కప్‌బోర్డు ఉబ్బిపోయింది. బీరువా కింది అరలో పెట్టిన పదో తరగతి మెమోలు, కుల ధ్రువీకరణ పత్రాలు, పరిశోధన కోసం ఊరూరా తిరిగి రాసుకున్న నోట్సు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

మా రెండు కుటుంబాల్లోనూ రిజిస్ట్రేషన్ కాగితంతో ఇల్లు కొన్న మొదటివాళ్లం మేమే. ఇంటికి బీమా ఉంటుందన్న సంగతి ఇంట్లో పెద్దలు చెప్పగా తెలుసుకునే అవకాశం మాకు లేదు. లోన్ ఇచ్చిన రోజు బ్యాంకులో చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాం. ప్రీమియం లోన్‌లోనే కలిపేశారు, పాలసీ కాపీ మాత్రం చేతికి ఇవ్వలేదు. మాలాంటి వాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి ఆ తర్వాత మేం నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు తేల్చుకోవాల్సింది, ఆ బీమా దేనికి అన్నది. 'లోన్ ఇన్సూరెన్స్' అని చెప్పేది చాలాసార్లు మనిషి ప్రాణానికి చేసిన బీమా. మనం చనిపోతే అప్పు తీరుతుంది తప్ప గోడ కూలితే దానివల్ల పైసా రాదు. ఇంటికి చేసే బీమా వేరు. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' పేరుతో ఒకే నమూనా పాలసీ అమ్మాలని ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. మీ బ్యాంకు తీసుకున్నది ఈ రెండింటిలో ఏదో రాతపూర్వకంగా అడగండి. మేం అడిగితే వారం తర్వాత ఈమెయిల్‌లో పీడీఎఫ్ వచ్చింది. అదృష్టం, రెండోదే.

ఆ పాలసీలో అగ్నిప్రమాదం, తుఫాను, వరదలతో పాటు నీళ్ల ట్యాంకులు, పైపులు పగలడం, పొంగడం వల్ల జరిగే నష్టం కూడా ఉంది. తగాదా అంతా 'పగలడం' అన్న ఆ ఒక్క మాట దగ్గరే. పైపు హఠాత్తుగా పగిలితే అది ప్రమాదం. నెలల తరబడి చెమ్మ ఊరి పెచ్చులూడితే అది మీరు ఇల్లు సరిగా చూసుకోకపోవడం అంటారు కంపెనీవాళ్లు. మా సర్వేయర్ గోడ మీద ఒక పాత మరక చూపించి ఇది పాత లీకేజీయే అన్నాడు. మమ్మల్ని గట్టెక్కించినవి ప్లంబర్ తీసిన పైపు ముక్క, ఫోటోలు. గోడ పగలగొట్టక ముందు, పగలగొట్టాక, పైపు చీలిన చోటు, అన్నీ తేదీతో సహా తీసి ఉంచాం. ఏం జరిగిందో ప్లంబర్ చేతే చీటీ మీద రాయించి సంతకం పెట్టించాం. పైపు ముక్కను పాత సామాన్లవాడికి వేయకండి. తడిసిన పరుపును కూడా సర్వేయర్ చూసేదాకా పారేయొద్దు. అయితే నీళ్లు ఆగకుండా అలాగే వదిలేయకూడదు. వాల్వు కట్టేసి, నష్టం పెరగకుండా చూడటం పాలసీ ప్రకారం మన బాధ్యతే.

కంపెనీకి వెంటనే కబురు చేయాలి. నష్టం గమనించిన రోజు నుంచి 30 రోజుల్లోపు క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. కబురు ఆలస్యమైందని ఎవరైనా తిరస్కరిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. 2017లో ఓం ప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు, ఆలస్యానికి సరైన కారణం ఉన్నప్పుడు నిజమైన క్లెయిమ్‌ను ఆ ఒక్క సాకుతో కొట్టేయకూడదని చెప్పింది. అది వాహనం దొంగతనం కేసు, కానీ వాదన ఇక్కడా పనికొస్తుంది.

ఇంటికి బీమా మొత్తాన్ని కార్పెట్ ఏరియాను నిర్మాణ ఖర్చుతో గుణించి కడతారు. 600 చదరపు అడుగులు, అడుగుకు 2,000 రూపాయలు అనుకుంటే 12 లక్షలు. స్థలం ధర ఇందులోకి రాదు. ఇల్లు, సామాన్లు రెండూ కలిపి తీసుకుంటే, సామాన్ల జాబితా ఇవ్వకపోయినా, ఇంటి మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సామాన్లకు వర్తిస్తుంది. అద్దెకు ఉండేవాళ్లు సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు. ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే బయట ఉన్నన్నాళ్ల అద్దెకూ దారి ఉంది.

పత్రాలకు, రాతప్రతులకు మాత్రం, ప్రత్యేకంగా రాయించుకుంటే తప్ప, ఈ పాలసీలో ఏమీ రాదు. పరుపుకు విలువ కట్టిన సర్వేయర్ మా నోట్సు కట్టను పక్కకు జరిపాడు.

కింది ఫ్లాట్ సీలింగ్ కూడా తడిసింది. దానికి మా పాలసీలో చోటు లేదు, జేబులోంచే కట్టాం. అపార్ట్‌మెంట్ మీటింగులో ఒకాయన "మీవాళ్లకి నీళ్లు వాడటం రాదు" అన్నాడు. కారంచేడులో 1985లో గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. ఆ మాట మామూలు మాట కాదని అన్నవాడికీ తెలుసు. మినిట్స్‌లో రాయండి అని అడిగితే గదిలో ఎవరూ పెన్ను తీయలేదు.

కంపెనీ మొదట సగానికి పైగా కోసింది. సర్వేయర్ రిపోర్టు కాపీ అడగడం మన హక్కు, అడిగాం. పాత మరక పైపు ఉన్న గోడది కాదని ఫోటోలతో ఫిర్యాదు రాశాం. దానికి జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే 155255కు ఫోన్ చేయొచ్చు, 'బీమా భరోసా' పోర్టల్లో పెట్టొచ్చు. కంపెనీకి రాసి నెల దాటినా తేలకపోతే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. హైదరాబాద్ కార్యాలయమే తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు కూడా. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు ఇప్పించగలరు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువు.

మాకు అంతదూరం పోవాల్సిన పని పడలేదు. మూడో ఉత్తరానికి కంపెనీ దిగొచ్చింది, గోడకు, కప్‌బోర్డుకు డబ్బు ఇచ్చింది. కుల ధ్రువీకరణ పత్రాలకు మీసేవలో మళ్లీ దరఖాస్తు పెట్టాం. నోట్సులో విప్పగలిగిన పేజీలను ఫ్యాన్ కింద ఆరబెట్టి ఇప్పుడు టైప్ చేసుకుంటున్నాం.