మెగాపిక్సెల్‌ లెక్క.. ఎంతవరకు పక్కా?

200 అంకె చూసి ఫోన్‌ కొనేస్తున్నారా? బ్యాంకు ఉద్యోగ దరఖాస్తులో మీ ఫొటోకు కావాల్సింది 46 వేల పిక్సెల్సే! మిగతా డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుసుకుని అడుగేయండి.

ఆర్మూర్‌లోనో నిజామాబాద్‌లోనో ఏ సెల్‌ఫోన్‌ షాపుకైనా వెళ్లండి. ‘అన్నా, దీంట్ల కెమెరా ఎట్లుంటది?’ అని అడగండి. ‘రెండొందల మెగాపిక్సెల్‌ తమ్మీ.. ఇంకేం గావాలె!’ అనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. అడిగింది కెమెరా ఎలా ఉంటుందని. చెప్పింది ఒక అంకె. ఆ అంకె మీ ప్రశ్నకు జవాబేనా? డబ్బు తీసే ముందు ఆలోచించాల్సింది ఇదే.

ఎందుకంటే, మెండోర లాంటి మండలాల నుంచి డిగ్రీకో కోచింగ్‌కో వెళ్లే విద్యార్థికి ఫోన్‌ అంటే ఫొటోలు తీసే వస్తువు ఒక్కటే కాదు. క్లాసు అందులోనే, మాక్‌ టెస్టు అందులోనే, దరఖాస్తు అందులోనే, ఆన్‌లైన్‌ ఇంటర్వ్యూ కూడా అందులోనే. పసుపో మక్కలో అమ్మిన పైసల్లోంచి ఇంట్లోవాళ్లు ఇచ్చిన డబ్బుతో కొనేది. కేవలం పెద్ద అంకె కోసం నాలుగైదు వేలు ఎక్కువ పెడితే, ఆ మేరకు పరీక్ష ఫీజులకో టెస్ట్‌ సిరీస్‌కో కోత పడినట్టే.

అంకె చెప్పేదేమిటి?

పిక్సెల్‌ అంటే ఫొటోలో ఒక చుక్క. పది లక్షల చుక్కలు కలిస్తే ఒక మెగాపిక్సెల్‌. అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలు ఉంటే మొత్తం కోటీ 20 లక్షలు. అదే 12 మెగాపిక్సెల్‌. అంటే ఈ అంకె ఫొటోలో ఎన్ని చుక్కలు ఉన్నాయో చెబుతుంది. ఒక్కో చుక్క ఎంత బాగుందో చెప్పదు. రంగు సరిగ్గా వచ్చిందా, నీడలో ముఖం కనిపిస్తోందా, చెయ్యి కదిలితే మసకబారిందా.. వీటిలో ఏ ఒక్కదానికీ మెగాపిక్సెల్‌ జవాబు చెప్పలేదు.

అసలు ఫొటో అంటే వెలుతురును పట్టుకోవడం. లెన్స్‌ గుండా వచ్చిన వెలుతురు సెన్సార్‌ అనే చిన్న పలక మీద పడుతుంది. ఎంత వెలుతురు పడితే ఫొటోకు అంత బలం. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న ‘సెన్సార్‌ ఎంత పెద్దది?’ అని.

ఒకే ఎకరం.. ఎన్ని మళ్లు?

పొలం భాషలో చెప్పుకొంటే సులువు. మీకు ఒక ఎకరం ఉంది. దాన్ని 50 మళ్లు చేసినా, 200 మళ్లు చేసినా దాని మీద పడే వాన ఒక్కటే. మళ్లు పెరిగితే వాన పెరగదు. ఒక్కో మడికి వచ్చే నీళ్లు తగ్గుతాయి. పైగా గట్లు ఎక్కువై కొంత జాగా అందులోనే పోతుంది. ఇక్కడ ఎకరం సెన్సార్‌, వాన వెలుతురు, మడి పిక్సెల్‌.

ఇప్పుడు కొలతలు చూడండి. 2023లో వచ్చిన శాంసంగ్‌ గెలాక్సీ ఎస్‌23 అల్ట్రాలోని 200 మెగాపిక్సెల్‌ సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్‌ వెడల్పు 0.6 మైక్రాన్లు. మైక్రాన్‌ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కంటికి కనిపించే ఎర్రటి కాంతి తరంగం పొడవు దాదాపు 0.7 మైక్రాన్లు. అంటే ఆ మడి కాంతి తరంగం కంటే ఇరుకు! చీకట్లో అంత చిన్న పిక్సెల్‌కు దక్కే వెలుతురు చాలా కొంచెం. అందుకే ఫొటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు తేలతాయి. దీన్నే నాయిస్‌ అంటారు.

మరి కంపెనీలు ఏం చేస్తున్నాయి? గట్లు తీసేసి మళ్లను కలిపేస్తున్నాయి! ఈ పద్ధతి పేరు పిక్సెల్‌ బిన్నింగ్‌. 50 మెగాపిక్సెల్‌ ఫోన్లలో సాధారణంగా నాలుగు పిక్సెల్స్‌ను ఒక్కటిగా లెక్కిస్తారు. చేతికి వచ్చేది 12.5 మెగాపిక్సెల్‌ ఫొటో. పైన చెప్పిన 200 మెగాపిక్సెల్‌ సెన్సార్‌లో 16 పిక్సెల్స్‌ కలిసి ఒకటవుతాయి. 200ను 16తో భాగించండి.. మళ్లీ 12.5! మీరు సెట్టింగ్స్‌ మార్చకుండా తీస్తే ఈ రెండు ఫోన్ల ఫొటోల్లో ఉండే చుక్కల సంఖ్య ఒక్కటే అన్నమాట.

50 ఉన్నంత మాత్రాన ఒక్కటి కాదు

డబ్బాల మీద ‘50 మెగాపిక్సెల్‌’ అని ఉన్న రెండు ఫోన్లు తీసుకోండి. ఒకదాంట్లో శాంసంగ్‌ జేఎన్‌1 సెన్సార్‌ ఉంది. పరిమాణం 1/2.76 అంగుళాలు, పిక్సెల్‌ 0.64 మైక్రాన్లు. ఇంకోదాంట్లో సోనీ ఐఎంఎక్స్‌766 ఉంది. పరిమాణం 1/1.56 అంగుళాలు, పిక్సెల్‌ 1 మైక్రాన్‌. లెక్కేస్తే మొదటిదాని విస్తీర్ణం సుమారు 20 చదరపు మిల్లీమీటర్లు, రెండోదానిది 50. అంటే రెండున్నర రెట్ల పొలం! డబ్బా మీద అంకె మాత్రం రెండింటికీ ఒకటే. సాయంత్రం దాటాక తీసే ఫొటోలో ఈ తేడా తేటతెల్లమవుతుంది.

ఇక్కడ భిన్నాల లెక్క గుర్తుపెట్టుకోండి. హారం చిన్నదైతే సెన్సార్‌ పెద్దది. 1/1.56 కంటే 1/2.76 చిన్నది. పోటీ పరీక్షల అరిథ్‌మెటిక్‌లో తప్పు చేయని వాళ్లు కూడా షాపులో దీన్ని తిరగేసి చదివేస్తారు.

లెన్స్‌ రంధ్రం సంగతీ ఇంతే. ఎఫ్‌/1.8, ఎఫ్‌/2.2 అని రాస్తారు. ఇక్కడా చిన్న అంకెదే పెద్ద రంధ్రం. ఒకే రకం లెన్స్‌ అయితే ఎఫ్‌/2.2 కంటే ఎఫ్‌/1.8 సెన్సార్‌ మీదికి దాదాపు ఒకటిన్నర రెట్ల వెలుతురు పంపుతుంది.

12తోనే ఏళ్లు నడిపారు

2015లో వచ్చిన ఐఫోన్‌ 6ఎస్‌ నుంచి 2021లో వచ్చిన ఐఫోన్‌ 13 దాకా ఆపిల్‌ ప్రధాన కెమెరా 12 మెగాపిక్సెలే. 48కి మారింది 2022లో ఐఫోన్‌ 14 ప్రోతో. గూగుల్‌ కూడా 2017 నాటి పిక్సెల్‌ 2 మొదలు 2020 నాటి పిక్సెల్‌ 5 వరకు 12.2 మెగాపిక్సెల్‌నే వాడింది. 2018లో నైట్‌ సైట్‌ అనే సాఫ్ట్‌వేర్‌ సదుపాయాన్ని తెచ్చింది. వరుసగా తీసిన కొన్ని ఫొటోలను ఒకదానిమీద ఒకటి పేర్చి, నాయిస్‌ను తీసేసే పద్ధతి ఇది. దాంతో చీకట్లోనూ ఫొటోలు తేటగా వచ్చాయి. మెగాపిక్సెల్‌ పెరగలేదు, లెక్క కట్టే తీరు మారింది.

ఇంకాస్త వెనక్కి వెళితే, 2012లో నోకియా 808 ప్యూర్‌వ్యూ 41 మెగాపిక్సెల్‌తో వచ్చింది. అది మామూలుగా ఇచ్చే ఫొటో 5 మెగాపిక్సెలే. చాలా చుక్కల సమాచారాన్ని కలిపి ఒక మంచి చుక్క చేయడమన్నది అప్పటి ఆలోచనే.

దరఖాస్తుకు ఎన్ని పిక్సెల్స్‌?

ఇక మీ అసలు అవసరానికి వద్దాం. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్‌ సూచించే ఫొటో కొలత 200×230 పిక్సెల్స్‌. గుణిస్తే 46,000. సంతకం 140×60, అంటే 8,400. చేతిరాత డిక్లరేషన్‌ 800×400, అంటే 3.2 లక్షలు. ఇది కూడా ఒక మెగాపిక్సెల్‌లో మూడో వంతుకు తక్కువే. 50 మెగాపిక్సెల్‌ ఫొటోలో ఉండే చుక్కలు దరఖాస్తు ఫొటోకు కావాల్సిన వాటికన్నా వెయ్యి రెట్లు ఎక్కువ. ఫైల్‌ కూడా 20 నుంచి 50 కేబీల మధ్యే ఉండాలి. కాబట్టి ఎలాగూ కుదించాల్సిందే.

ఇలాంటి దరఖాస్తుల్లో ఇబ్బంది తెచ్చేది మెగాపిక్సెల్‌ తక్కువ కావడం కాదు. ముఖం మీద నీడ, వెనకాల గోడ మీద క్యాలెండర్‌, మసక, కొలత దాటిన ఫైల్‌.. ఇవీ కారణాలు. స్టాఫ్‌ సెలక్షన్‌ కమిషన్‌ 2024 నుంచి దరఖాస్తు సమయంలోనే లైవ్‌ ఫొటో తీయిస్తోంది. అక్కడ పాత ఫొటో అప్‌లోడ్‌ చేసే వీల్లేదు. కిటికీకి ఎదురుగా, తెల్లగోడ ముందు కూర్చోండి. ఫోన్‌ను కళ్ల ఎత్తులో ఉంచండి. కళ్లద్దాలు, టోపీ తీసేయండి. లెన్స్‌ను మెత్తని గుడ్డతో తుడవండి. చేతివేళ్ల జిడ్డు అంటిన 200 మెగాపిక్సెల్‌ కంటే తుడిచిన 13 మెగాపిక్సెల్‌ నయం.

సర్టిఫికెట్ల విషయంలోనూ మామూలు ఫొటో వద్దు. గూగుల్‌ డ్రైవ్‌ యాప్‌లోని స్కాన్‌ సదుపాయం వాడితే అంచులు కత్తిరించి పీడీఎఫ్‌ చేసి ఇస్తుంది. ఏ కొలత అడిగారో ఆ నోటిఫికేషన్‌లోనే చూడండి. ఒక్కో సంస్థది ఒక్కో లెక్క.

ఆన్‌లైన్‌ ఇంటర్వ్యూకు కూడా ఇంతే. ఫుల్‌ హెచ్‌డీ వీడియో అంటే 1920×1080, దాదాపు 20.7 లక్షల చుక్కలు. రెండు మెగాపిక్సెల్స్‌ అన్నమాట. 4కె వీడియోకైనా 83 లక్షలు చాలు. పెళ్లి ఆల్బమ్‌లో పెట్టే 4×6 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 21.6 లక్షలు సరిపోతాయి. ఏ4 కాగితం నిండా ప్రింటు తీయాలన్నా 87 లక్షలు. మొత్తమ్మీద మన అవసరాల్లో చాలావరకు 12 మెగాపిక్సెల్‌ లోపలే తీరిపోతున్నాయి.

ఎక్కువ ఉంటే లాభం ఎక్కడ?

అలాగని పెద్ద అంకె పూర్తిగా దండగ అనలేం. మెండోర మండలం పోచంపాడ్‌ దగ్గర శ్రీరాంసాగర్‌ గేట్లు ఎత్తినప్పుడు జనం ఫోన్లు పట్టుకుని నిలబడే దృశ్యం మీకు తెలుసు. ప్రాజెక్టుకు 42 గేట్లు. మిట్టమధ్యాహ్నం ఎండలో, దూరం నుంచి వరుస మొత్తం ఫొటో తీసి, ఇంటికెళ్లాక ఒక్క గేటు దగ్గరి నురగను మాత్రమే కత్తిరించుకోవాలంటే 200 మెగాపిక్సెల్‌ మోడ్‌ పనికొస్తుంది. వెలుతురు దండిగా ఉంది, చెయ్యి కదల్లేదు, తర్వాత కత్తిరించుకునే పని ఉంది.. ఈ మూడూ కలిసినచోట అది లాభమే. అదే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతుంది. అవతలివాళ్లకు తేడా తెలియదు. పొద్దు గూకాక తీస్తే మళ్లీ సెన్సార్‌ పరిమాణమే గెలుస్తుంది. పూర్తి 200లో తీసిన ఒక్కో ఫొటో పదుల ఎంబీలు తింటుంది. స్టోరేజీ 128 జీబీలే ఉన్న ఫోన్‌లో వీడియో క్లాసులకు జాగా కరవవుతుంది.

కొనేముందు పది నిమిషాలు

- షాపు బయటికి కాదు, లోపలి మూలకు వెళ్లి ఫొటో తీయండి. ఎండలో ఏ ఫోనైనా బాగానే తీస్తుంది.
- నడుస్తున్న మనిషిని తీయండి. మసకబారితే షట్టర్‌ వేగం చాలట్లేదని అర్థం.
- జేబులో ఒక పసుపు కొమ్ము పట్టుకెళ్లండి! ట్యూబ్‌లైటు కింద తీసి పక్కన పెట్టి చూడండి. నారింజలా కనిపిస్తోందా, ఆకుపచ్చ దిగిందా? రంగులను సరిచేసే సాఫ్ట్‌వేర్‌ సత్తా అక్కడే బయటపడుతుంది.
- మీ చామనఛాయ ముఖాన్ని సున్నం కొట్టినట్టు తెల్లగా చేస్తోందేమో ఫ్రంట్‌ కెమెరాలో చూడండి. దరఖాస్తు ఫొటోలో బ్యూటీ మోడ్‌ ఆపేయాల్సిందే.
- వీడియో తీస్తూ నాలుగడుగులు వేయండి. ఓఐఎస్‌ ఉన్న ఫోన్‌లో కుదుపు తక్కువ.
- కెమెరాలు ఎన్ని అన్నది పట్టించుకోకండి. తక్కువ ధర ఫోన్లలో రెండో, మూడో కన్ను తరచూ 2 మెగాపిక్సెల్‌ మాక్రో లేదా డెప్త్‌ సెన్సారే. లెక్క నింపడానికే తప్ప రోజువారీ పనికి అక్కరకు రాదు.
- కంపెనీ వెబ్‌సైట్‌లో సెన్సార్‌ పరిమాణం, పిక్సెల్‌ మైక్రాన్లు, ఎఫ్‌ అంకె, ఎన్నేళ్ల సాఫ్ట్‌వేర్‌ అప్‌డేట్లు.. ఈ నాలుగూ రాసుకోండి. సెన్సార్‌ పరిమాణం ఎక్కడా చెప్పకపోతే అందులో గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేకపోవచ్చు.

బడ్జెట్‌ తక్కువైతే మెగాపిక్సెల్‌ తగ్గించి ర్యామ్‌, బ్యాటరీ, అప్‌డేట్ల వైపు మొగ్గండి. ఏడాదంతా చదువుకునే ఫోన్‌కు అవే అండ.

ఇది ఉద్యోగ ప్రశ్న కూడా

ఈసీఈ, సీఎస్‌ఈ చదివే వాళ్లకు ఈ విషయంలో ఇంకో కోణం ఉంది. సెన్సార్‌ నుంచి వచ్చిన ముడి సమాచారాన్ని ఫొటోగా మార్చే పని చిప్‌లోని ఇమేజ్‌ సిగ్నల్‌ ప్రాసెసర్‌ది. దాన్ని రాయడానికి, పరీక్షించడానికి, రంగులు, నాయిస్‌ సరిచేయడానికి ఇంజినీర్లు కావాలి. ఇది మనకు దూరపు ముచ్చట కాదు. వన్‌ప్లస్‌ 2019 ఆగస్టులో హైదరాబాద్‌లో ప్రారంభించిన పరిశోధన కేంద్రంలో కెమెరాకు ప్రత్యేకంగా ల్యాబ్‌ ఉంది. ఫోన్ల చిప్‌లు రూపొందించే క్వాల్‌కామ్‌కూ హైదరాబాద్‌లో పెద్ద క్యాంపస్‌ ఉంది.

మొదలుపెట్టడానికి పైసా అక్కర్లేదు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్‌ ప్రొఫెసర్‌ పి.కె.బిశ్వాస్‌ చెప్పిన డిజిటల్‌ ఇమేజ్‌ ప్రాసెసింగ్‌ పాఠాలు ఉచితం. పైథాన్‌, ఓపెన్‌సీవీ కూడా ఉచితమే. చిన్న ప్రాజెక్టు ఒకటి చేయండి. చీకట్లో ఒకే దృశ్యాన్ని ఫోన్‌ కదలకుండా పెట్టి ఎనిమిది ఫొటోలు తీయండి. పైథాన్‌లో వాటి సగటు కట్టండి. నాయిస్‌ ఎంత తగ్గిందో పక్కపక్కన పెట్టి చూపండి. నైట్‌ మోడ్‌ వెనకున్న మూలసూత్రం మీ చేత్తోనే తేలుతుంది. రెజ్యుమేలో ఒక వరుసా పడుతుంది. ‘50 మెగాపిక్సెల్‌ ఫోన్‌ 12.5 మెగాపిక్సెల్‌ ఫొటో ఎందుకిస్తుంది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, తడుముకోకుండా కాగితం మీద నాలుగు గళ్లు గీసి చెప్పేయొచ్చు.